నిండైన ఛాతీకి సరైన బ్రా: తరచుగా అడిగే ప్రశ్నలు

జాకెట్లు కుట్టే పనితో మొదలుపెట్టి, తరువాత లోదుస్తుల దుకాణంలో కొలతలు తీసే పనికి వచ్చాను. ఈ ప్రశ్నలన్నీ కొలత గదిలో నా ముందు నిలబడిన స్త్రీలు అడిగినవే. చాలామంది గొంతు బాగా తగ్గించి అడిగారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు కాబట్టి జవాబులు విడమరచి రాస్తున్నాను.

భుజాల మీద గాడులు పడుతున్నాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. ఛాతీ బరువు వల్లేనా?

బరువు ఉన్నమాట నిజమే. అయితే ఆ బరువును ఏది మోస్తోందో చూడాలి. నీళ్ల బిందెను చంకన పెట్టుకుంటే నడుము మోస్తుంది, చాలా దూరం నడవగలం. అదే బిందెకు తాడు కట్టి భుజానికి వేలాడదీస్తే పది అడుగులకే భుజం కోసుకుపోతుంది. బ్రాలో నడుము చేసే పని రొమ్ముల కింద చుట్టూ తిరిగే బ్యాండుది. భుజం మీది స్ట్రాపులు కప్పు జారకుండా పట్టుకోవడానికే. బ్యాండు వదులైతే బరువంతా స్ట్రాపుల మీద పడుతుంది. అవి సాగిపోకుండా మనం ఇంకా బిగిస్తాం. బిగించినకొద్దీ బ్యాండు వెనుక వైపు పైకి పాకుతుంది, ముందు వైపు కప్పులు కిందికి దిగుతాయి. భుజాల గాడులు, మెడనొప్పి, కొందరికి చేతుల్లో తిమ్మిరి కూడా ఇక్కడే మొదలవుతాయి.

ఇప్పుడే చూసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి రెండు స్ట్రాపులనూ భుజాల మీది నుంచి కిందికి జార్చండి. సరైన బ్రా అయితే కాస్త దిగినా చాలావరకు ఉన్నచోటే నిలబడుతుంది. మొత్తం కూలిపోతే ఇన్నాళ్లూ మీ భుజాలే మోశాయన్నమాట.

ఎప్పటినుంచో 38-బి కొంటున్నాను. అది తప్పు కావచ్చా?

నిండైన ఛాతీ ఉన్నవారి విషయంలో నేను ఎక్కువగా చూసే తప్పు సరిగ్గా ఇదే. బ్యాండు (38 అన్న అంకె) పెద్దది, కప్పు (బి అన్న అక్షరం) చిన్నది.

లెక్క చెబుతాను. ఒకామెకు రొమ్ముల కింద చుట్టుకొలత 33 అంగుళాలు, ఛాతీ నిండుగా ఉన్నచోట 40 అంగుళాలు అనుకుందాం. పాత పద్ధతిలో కింది కొలతకు 5 కలుపుతారు. 33కు 5 కలిపితే 38. 40లోంచి 38 తీసేస్తే 2 అంగుళాల తేడా, అంటే బి కప్పు. చేతికి 38-బి వస్తుంది. సాగని బట్టతో బ్రాలు కుట్టిన రోజుల్లో ఆ అంగుళాలు కలిపితేనే ఊపిరాడేది. 1958లో స్పాండెక్స్ అనే సాగే దారం పుట్టాక, బ్యాండు దానంతట అదే సాగి సర్దుకుంటుంది. ఇప్పటి బ్రాకు ఏమీ కలపనక్కరలేదు. 33 బేసి సంఖ్య కాబట్టి పైనున్న సరిసంఖ్య తీసుకుంటే 34. 40కీ 34కీ తేడా 6 అంగుళాలు. బ్రిటన్ లెక్కలో అది 34-ఇ.

బ్యాండు ఒక మెట్టు పెరిగి కప్పు ఒక అక్షరం తగ్గితే కప్పులో పట్టే పరిమాణం మారదు. 34-ఇ, 36-డిడి, 38-డి ఈ మూడింటి కప్పులూ సమానం. అంటే 38-బి వేసుకున్న ఆమెకు బ్యాండు నాలుగు అంగుళాలు వదులు, కప్పు రెండు సైజులు చిన్నది. పట్టని భాగం పైనుంచి పొంగుతుంది, చంకల వైపు జారుతుంది. ఆమె తన ఒంటిదే లోపమనుకుంటుంది. ఇలా అనుకుని ఏళ్లతరబడి చున్నీ మాటున కుంచించుకుపోయిన స్త్రీలను చూశాను. వాళ్ల ఒంట్లో ఏ లోపమూ లేదు, కొలత తప్పు.

ఇంట్లో కొలత ఎలా తీసుకోవాలి?

దర్జీ టేపు, అద్దం, పలుచని బ్రా ఒకటి చాలు. ప్యాడ్ ఉన్నది వద్దు.

ముందు కింది కొలత. టేపును రొమ్ముల కింద ఒంటిని ఆనుకునేలా చుట్టి, ఊపిరి వదిలి చూడండి. టేపు వీపు వైపు పైకి ఎక్కకూడదు, నేలకు సమాంతరంగా ఉండాలి. ఈ కొలత బిగుతుగానే తీయాలి. మొహమాటపడి వదులుగా తీస్తే లెక్కంతా చెడిపోతుంది.

రెండోది ఛాతీ కొలత. నిలబడి బాగా నిండుగా ఉన్నచోట టేపును నొక్కకుండా తీయండి. తరువాత వీపు నేలకు సమాంతరమయ్యేదాకా ముందుకు వంగి మరోసారి తీయండి. బరువుగా, మెత్తగా ఉండే రొమ్ములు నిలబడినప్పుడు కిందికి దిగి ఉంటాయి కాబట్టి వంగినప్పుడు వచ్చే కొలత ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉండవచ్చు. రెండింటికీ మధ్య అంకె తీసుకోండి. అందులోంచి బ్యాండు సంఖ్య (సరిసంఖ్యకు మార్చిన కింది కొలత) తీసేస్తే, అంగుళానికి ఒక అక్షరం చొప్పున కప్పు తెలుస్తుంది. 1 అయితే ఏ, 2 బి, 3 సి, 4 డి, 5 డిడి, 6 ఇ, 7 ఎఫ్.

ఈ లెక్క మీకు మొదటి బ్రా ఎంచుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఖాయం చేసేది వేసుకుని చూడటమే. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కుతాయి, నొప్పిగా కూడా ఉంటాయి. ఆ రోజుల్లో కొలవకండి.

ఇ, ఎఫ్ అంటే భయంగా ఉంది. అంత పెద్ద సైజా?

అక్షరం విడిగా ఏమీ చెప్పదు. 30-డి, 40-డి పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ పోలికే ఉండదు. అక్షరం చెప్పేది రెండు కొలతల మధ్య తేడానే. సన్నగా ఉన్న అమ్మాయికి 30-ఎఫ్ కావడం ఏమాత్రం వింత కాదు. మన ఊళ్లలో చాలా దుకాణాలు బి, సి దాటి సరుకు తెప్పించవు. సరుకు లేక ‘మీకు ఇదే సరిపోతుంది’ అంటారు. మనం ఇంటికి తెచ్చుకుని ఏడాదంతా భరిస్తాం. అది ఆ అల్మరా కొరత, మీ ఒంటి కొరత కాదు.

ఒక కంపెనీలో డిడి, ఇంకోదాంట్లో ఇ అంటున్నారు. విదేశంలో ఉన్న మా అక్క ఇంకేదో చెబుతోంది.

డి దాకా అందరిదీ ఒకటే దారి, ఆ తరువాతే చీలుతుంది. బ్రిటన్‌లో డి తరువాత డిడి, ఇ, ఎఫ్, ఎఫ్ఎఫ్, జి వరుసగా వస్తాయి. అమెరికాలో డిడి తరువాత డిడిడి వస్తుంది, దాన్నే ఎఫ్ అని కూడా రాస్తారు. పై లెక్కలోని 34-ఇ అమెరికాలో 34-డిడిడి అవుతుంది. మన దేశంలో కొందరు డి తరువాత డిడి రాస్తారు, మరికొందరు నేరుగా ఇ రాస్తారు. అందుకే ప్రతి కంపెనీ కొలతల పట్టిక విడిగా చూడాలి. యూరప్‌లో బ్యాండు సెంటీమీటర్లలో ఉంటుంది. మన 34 అక్కడ 75, ఫ్రాన్సులో 90.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి ఒక మాట. పెద్ద కప్పుల విషయంలో ఆ దేశం ముందుంది. పనాష్, ఫ్రేయా, ఎలోమీ వంటి బ్రాండ్లు నిండైన ఛాతీని దృష్టిలో పెట్టుకునే కుడతాయి. 1995లో మొదలైన బ్రవిసిమో దుకాణాలు డి కప్పుతోనే మొదలవుతాయి. సెలవులకు వచ్చేటప్పుడు చెల్లెళ్లకు చాక్లెట్లతోపాటు ఇవి కూడా తెస్తే వాళ్లు ఏళ్లపాటు గుర్తుపెట్టుకుంటారు. కాకపోతే కొలత ముందే తెప్పించుకోండి.

వేసుకున్నాక సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

కొత్త బ్రాను అన్నిటికంటే వదులుగా ఉండే చివరి వరుస హుక్కులకు పెట్టండి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి వరుసలకు వెళ్లాలి. మొదటి రోజే లోపలి వరుస వరకూ బిగించాల్సి వస్తే ఆ బ్యాండు మీది కాదు.

హుక్కులు పెట్టాక నూటికి తొంభై మంది చేయని పని ఒకటుంది. కాస్త ముందుకు వంగి, కుడి చేతిని ఎడమ కప్పులోకి పోనిచ్చి, చంక వైపు జారిన రొమ్ము భాగాన్నంతా వెనుక నుంచి ముందుకు, కింద నుంచి పైకి తెచ్చి కప్పులో కూర్చోబెట్టండి. రెండో వైపూ అలాగే చేయండి. అప్పటిదాకా సరిపోయినట్టున్న కప్పు చిన్నదని అప్పుడే బయటపడుతుంది. నేను కొలత గదిలో ఇది చెప్పి చేయించినప్పుడు చాలామంది ఒక్క క్షణం మాట్లాడకుండా అద్దంలోకి చూస్తూ ఉండిపోతారు.

ఇక అద్దంలో చూడవలసినవి. కప్పు అంచు దగ్గర పొంగి, ఒక రొమ్ము రెండుగా కనిపిస్తే కప్పు చాలదు. కప్పు ముడతలు పడితే పెద్దదైనా కావాలి, మీ ఆకృతికి నప్పనిదైనా కావాలి. వైరు (కప్పు కింద వంపుగా పెట్టే తీగ) ఉన్నదైతే రెండు కప్పుల మధ్య భాగం రొమ్ము ఎముకకు ఆనుకోవాలి. అది గాలిలో తేలుతుంటే సాధారణంగా కప్పు చిన్నదే. పక్కకు తిరిగి బ్యాండు చూడండి. ముందూ వెనుకా ఒకే ఎత్తులో ఉండాలి. బ్యాండు కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. చేతులు పైకెత్తండి, కూర్చుని లేవండి, అక్కడే నాలుగు సార్లు గెంతండి. సిగ్గుపడకండి, గదిలో ఉన్నది మీరూ అద్దమే.

వైరు గుచ్చుకుంటోంది. అసలు వైరు మంచిదేనా? క్యాన్సర్ వస్తుందంటున్నారు.

వైరు గుచ్చుకుంటోందంటే దాదాపు ఎప్పుడూ కప్పు చిన్నదైనందువల్లే. రొమ్ము చుట్టూ, దాని మొదలును అనుసరించి ఒంటి మీద ఆనాల్సిన తీగ రొమ్ము మీదే కూర్చుంటుంది. చంక కింద వైరు చివర వేలితో నొక్కి చూడండి. పక్కటెముక తగిలితే సరే, మెత్తగా తగిలితే పెద్ద కప్పు కావాలి.

క్యాన్సర్ భయం పెట్టుకోకండి. అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం 2014లో ఈ విషయాన్నే పరిశీలించింది. రోజుకు ఎన్ని గంటలు వేసుకున్నారు, వైరు ఉందా లేదా, ఏ కప్పు, ఏ వయసు నుంచి అన్నవాటిలో దేనికీ రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు. ఎండాకాలంలో నల్ల బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో తిరిగే సందేశానికీ ఆధారం లేదు. ఇష్టమైతే నల్లదే వేసుకోండి.

వైరు తప్పనిసరి కూడా కాదు. వైరు లేకుండా వెడల్పాటి బ్యాండు, మూడు నాలుగు హుక్కులు, కప్పు కింద అదనపు పొర ఉన్నవి రోజంతా ఇంటి పనికీ ఆఫీసుకీ బాగానే ఆసరా ఇస్తాయి.

ప్యాడ్ ఉన్నది, లేనిది, మినిమైజర్... ఏది కొనాలి?

నా మాట వింటే అతుకులున్న కప్పు కొనండి. అచ్చులో పోసినట్టు నున్నగా ఉండే ప్యాడ్ కప్పుకు దాని ఆకారం దానికే ఉంటుంది, రొమ్ము దానికి సర్దుకోవాలి. బరువైన రొమ్ము అలా సర్దుకోదు. కింద నిండిపోయి పైన ఖాళీ మిగులుతుంది. రెండు మూడు ముక్కలు కలిపి కుట్టిన కప్పు మన రవికలో టక్కులు చేసే పనే చేస్తుంది, ఒంటి వంపును పట్టుకుంటుంది. చంక వైపు అదనంగా ఒక పట్టీ కుట్టినది దొరికితే ఇంకా మంచిది, బరువును పక్కల నుంచి మధ్యకు తెస్తుంది. అతుకు గీత పైకి కనబడుతుందని దిగులుపడతారు. నేత చీరలో, కాటన్ కుర్తాలో అది కనబడదు.

మినిమైజర్ రొమ్మును తగ్గించదు, పక్కలకు పరుస్తుంది. చొక్కా బొత్తాల మధ్య సందు రాకుండా ఒక అంగుళం అటూ ఇటూ తేడా చూపిస్తుంది. ఎప్పుడైనా వేసుకోవడానికి సరే, రోజూ అదే వేసుకుంటే చంకల దగ్గర ఒరుసుకుంటుంది.

చీర మీదికి జాకెట్టు సరిగా కుదరడం లేదు. దర్జీ తప్పా?

చాలాసార్లు దర్జీ తప్పు కాదు, వరుస తప్పు. ముందు బ్రా మార్చుకుని, ఆ బ్రా మీదే జాకెట్టు కొలత ఇవ్వాలి. సరైన ఆసరా దొరికితే ఛాతీ మొన పైకి వస్తుంది. భుజం నుంచి మొన దాకా ఉన్న కొలత మారుతుంది. పాత కొలతకు కుట్టిన జాకెట్టులో టక్కులు మొనకు కిందుగా పడతాయి, ముందు భాగం సంచిలా వేలాడుతుంది. కొత్త బ్రా కొన్నాక పాత ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకోవడం డబ్బు పారేసుకోవడమే. ఒంటి మీద కొలిపించుకోండి. నిండైన ఛాతీకి నాకు నమ్మకమైనది కటోరీ (ఛాతీ చోట గిన్నెలా విడిగా కుట్టేది), తరువాత ప్రిన్సెస్ కట్ (ఛాతీ మీదుగా పైనుంచి కిందిదాకా పొడవు కుట్టు వచ్చేది). జాకెట్టులోనే కప్పులు కుట్టించుకుని బ్రా మానేయడం పెళ్లిళ్లలో చూస్తున్నాం. బరువు తక్కువ ఉన్నవారికి సరిపోతుంది. నిండైన ఛాతీని సాగే బ్యాండు లేని జాకెట్టు రెండు గంటలు కూడా మోయలేదు.

ఎండాకాలం రొమ్ముల కింద ఒరిసి ఎర్రబడుతోంది.

చర్మం చర్మానికి ఆనుకున్నచోట చెమట ఆరదు, ఒరుసుకుంటుంది, తడిలో ఫంగస్ చేరుతుంది. విజయవాడ ఉక్కపోతలో ఇది ఎవరికైనా వస్తుంది. రొమ్మును పైకెత్తి పట్టే బ్రా ఉంటే సగం పరిష్కారం అయినట్టే, ఎందుకంటే మడత విడిపోతుంది. స్నానం తరువాత మడతలో బాగా ఆరేదాకా తుడవండి, మధ్యాహ్నం వీలైతే బ్రా మార్చండి, నూలు పొర ఉన్నది వాడండి. పౌడరు గుప్పిస్తే చెమటతో కలిసి ముద్ద కడుతుంది, మానుకోండి. దురద, వాసన, పగుళ్లు ఉంటే చర్మవైద్యులకు చూపించండి. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ ఉన్న మలాము పూస్తే మొదట తగ్గినట్టే ఉండి తిరగబెడుతుంది.

నడకకు వెళ్లాలంటేనే ఇబ్బందిగా ఉంది.

పరుగెత్తేటప్పుడు రొమ్ములు పైకీ కిందికే కాదు, పక్కలకూ ముందుకూ వెనక్కీ కదులుతాయి. ఛాతీని అదిమి పట్టే బనియను లాంటి స్పోర్ట్స్ బ్రా చిన్న కప్పులకు చాలు. మీకు కావలసింది ఒక్కో రొమ్ముకూ విడి కప్పు, వెనుక హుక్కులు, వెడల్పు స్ట్రాపులు ఉన్నది. మొదటి స్పోర్ట్స్ బ్రా 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టింది. పరుగులో ఇదే ఇబ్బంది పడ్డ ఒకామె, మరో ఇద్దరు స్త్రీలు కలిసి, మగ క్రీడాకారులు లోపల కట్టుకునే పట్టీలు రెండు కలిపి కుట్టి దాన్ని తయారుచేశారు. అందుబాటులో లేనిదాన్ని వాళ్లే కుట్టుకున్నారు. మీరు మాత్రం నడక మానేయకండి.

మా అమ్మాయికి పదమూడేళ్లు. వీపు వంచి నడుస్తోంది, పి.టి. పీరియడ్ ఎగ్గొడుతోంది.

దయచేసి ‘నిటారుగా నడువు’ అని మందలించకండి. ఆ పిల్ల దాక్కుంటోంది. తరగతిలో అందరికంటే ముందు ఎదిగిన అమ్మాయికి ఒక్కో అడుగూ పరీక్షే. నాకూ ఆ వయసులో అలాగే గడిచింది. పుస్తకాల సంచి ముందు వేసుకుని నడిచేదాన్ని. నాకెవరూ ఏమీ చెప్పలేదు, వదులు బనియన్లు మాత్రం కొనిచ్చారు.

ఇంట్లో మీరే టేపు పట్టుకుని, మీ కొలత ముందు తీసుకుని, తరువాత ఆమెది తీయండి. అంకె విని ముఖం మార్చకండి. వైరు లేనిది, మంచి బ్యాండు ఉన్నది, ఆటలకు ఒకటి వేరుగా కొనండి. ఎదిగే వయసు కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ కొలవాలి. ఒకేసారి అరడజను కొని పెట్టకండి.

గర్భిణిగా ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు?

బ్యాండు, కప్పు రెండూ మారతాయి. పాలిచ్చే తల్లులకు కప్పు ముందు నుంచి విప్పుకునే రకం హాయి. బిగుతైన వైరు ఒకేచోట నొక్కితే పాలు గడ్డకట్టే ఇబ్బంది రావచ్చు, కనుక మెత్తనిదే మంచిది. ఒకచోట గట్టిపడి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఒక వైపు పెద్దది, ఒక వైపు చిన్నది.

దాదాపు అందరికీ అంతే. పెద్ద వైపుకు సరిపోయే కప్పు కొని, రెండో వైపు స్ట్రాపు కాస్త బిగించండి లేదా పలుచని ప్యాడ్ పెట్టండి.

రాత్రి వేసుకోకపోతే జారిపోతాయా?

జారవు. రొమ్ములు జారేది వయసు, గర్భధారణలు, బరువు పెరగడం తగ్గడం, పొగతాగడం వంటి కారణాలతో. హాయిగా ఉంటే మెత్తనిది వేసుకోండి, లేకపోతే తీసేయండి.

సరైన బ్రా వేసుకున్నా నొప్పి తగ్గకపోతే?

వైద్యుల దగ్గరకు వెళ్లండి. బరువే కారణమైతే రొమ్ముల పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స ఉంది. ఏళ్లతరబడి నొప్పి పడినవారికి అది సోకు కాదు, వైద్యమే. ఇంట్లోవాళ్లు ఏమంటారోనని వాయిదా వేయనక్కరలేదు. ఇంకో మాట. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి వెళ్లినా, రక్తం కారినా బ్రా సంగతి పక్కనపెట్టి వెంటనే చూపించుకోవాలి.

ఎన్ని కొనాలి, ఎలా ఉతకాలి?

మూడు. ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరుతూ, ఒకటి విశ్రాంతిగా. ఎలాస్టిక్‌కు ఒక రోజు విడుపు ఇస్తే అది మళ్లీ బిగుస్తుంది. హుక్కులు పెట్టి, చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో నొక్కి, నీడలో ఆరేయండి. తీగ మీద స్ట్రాపులతో వేలాడదీయకండి, మధ్య భాగం దగ్గర మడిచి వేయండి. చివరి వరుస హుక్కుతో మొదలైన బ్రా లోపలి వరుసకు చేరినా వదులుగా ఉందంటే దాని పని అయిపోయింది.

దుకాణంలో మగవాళ్లుంటారు. ఎలా అడగాలి?

కాగితం మీద సైజు రాసుకుని వెళ్లండి. ‘34-ఇ, ప్యాడ్ లేనిది, అతుకులున్న కప్పు, మూడు హుక్కులది’ అని రాసి చేతికివ్వండి. ఆ సైజు లేదని చెబితే, వాళ్లు చూపించే 38-సి తీసుకోకుండా బయటికి వచ్చేయండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి పంపే వీలుందో లేదో ముందు చూసుకుని, పక్కపక్క సైజులు రెండు తెప్పించుకుని, చీటీ తీయకుండా వేసుకుని చూసి, సరిపోనిది పంపించేయండి. వేసుకుని చూడనివ్వని దుకాణంలో మాత్రం కొనకండి, ఎంత తగ్గించి ఇస్తామన్నా.